నూనె రాసిన ఆకులు

కడియం నర్సరీ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న అగ్లోనిమా మొక్క అది. పచ్చటి ఆకు, అంచున గులాబీ రంగు. మూడో అంతస్తులో మా హాలు కిటికీ పక్కన, ఎండ నేరుగా తగలనిచోట పెట్టాను. హార్బరులో బొగ్గు గుట్టల వైపు నుంచి గాలి వీచిందంటే ఆకుల మీద నల్లటి పొడి పేరుకునేది. రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేదాన్ని.

మూడేళ్ల క్రితం మా ఇంట్లో శ్రావణ శుక్రవారం పేరంటం హడావుడిలో ఒక్క పూట తుడవడం కుదరలేదు. ఎదురు ఫ్లాటావిడ అందరి ముందూ ఆకు మీద వేలితో గీత గీసింది.

"ఏటొదినా, ఇది మొక్కేనా, బొగ్గుల బస్తానా? కొబ్బరినూనె రాయి. మా ఇంటికాడ అలాగే రాత్తాం. అద్దంలా మెరిసిపోద్ది."

నమ్మాను. జుట్టుకు మంచిది ఆకుకు చెడ్డదెలా అవుతుందనుకున్నాను. రెండు రోజులు మెరిసింది. తర్వాత ఆ జిడ్డుకు నల్లపొడి అంటుకుని తుడిచినా వదల్లేదు. ఆకులు పసుపుబారి రాలాయి. ఆవిడ వచ్చి చూసి పకపకా నవ్వింది.

"నిజింగా రాసేసినావేటి? నాను నవ్వులాటకన్నాను!"

వారం తిరక్కుండా అపార్టుమెంటులో నా పేరు 'నూనె వదిన' అయింది. లిఫ్టులో వాచ్‌మన్ భార్య కూడా అలాగే పిలిచి నాలుక కరుచుకుంది.

నేను మొక్కను పారెయ్యలేదు. మిగిలిన మూడాకులకూ తలంటు పోశాను. కుంకుడు రసం పల్చగా కలిపి, దూదితో అద్ది, మంచినీళ్లతో కడిగాను. బోడి కాడను కోసి పచ్చడి సీసాలో నీళ్లు పోసి పెట్టాను. తెల్లటి వేళ్లు వచ్చాక కుండీలోకి మార్చాను. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు. పిలక వచ్చినప్పుడల్లా విడదీసి వేరే కుండీలో నాటాను. ప్రతి పిలకకూ ఆ నవ్వు గుర్తు చేసుకున్నాను.

ఈ శ్రావణానికి ఎనిమిది కుండీలయ్యాయి. పేరంటానికి ఆవిడనూ బొట్టు పెట్టి మరీ పిలిచాను. ఒక్కొక్కరికీ తాంబూలంతో పాటు ఒక్కో కుండీ ఇచ్చాను. ఆవిడ వంతుకు తాంబూలం, కొబ్బరినూనె సీసా. నూనె చేతికివ్వకూడదంటారు కదా, పళ్లెంలో పెట్టి ముందుకు జరిపాను.

"మరి నాకు మొక్కేదీ?"

"మీ ఇంటి పద్ధతి నూనె కదా వదినా. ముందు అది రాయడం మొదలుపెట్టు, మొక్క తర్వాత చూద్దాం."

అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్విన నోళ్లే అవి. ఆవిడ మాత్రం సీసా తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఏడు కుండీలు వెళ్లాయి. ఎనిమిదోది, అన్నిటికన్నా గుబురైనది, మా గుమ్మం బయట సరిగ్గా ఆవిడ తలుపుకు ఎదురుగా పెట్టాను. ఆవిడ తలుపు తెరిచే వేళకే తడిగుడ్డ పట్టుకుని కూర్చుంటాను. నూనె సీసా వాళ్ల చెప్పుల స్టాండు మీద మూత కూడా తీయకుండా అలాగే ఉంది. అది అక్కడున్నన్నాళ్లూ నా కుండీ ఇక్కడే ఉంటుంది.