కాలరక్క ముందు పన్ను

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను బస్సులో ఎక్కడ చూసినా గుర్తుపట్టొచ్చు. నోరు తెరిస్తే చాలు. పై వరసలో ముందు పన్ను అంచున చిన్న గాడి కనిపిస్తుంది. కుట్టు పూర్తవగానే దారం తెంపాలి. తెంపడానికి ప్రతి మిషనుకీ చిన్న కత్తెర ఇచ్చారు. కానీ కత్తెర అందుకోవాలంటే గుడ్డ మీద నుంచి ఓ చెయ్యి తియ్యాలి, చెయ్యి తీస్తే గుడ్డ జరుగుతుంది, గుడ్డ జరిగితే సూపర్‌వైజరు మొహం మారుతుంది. పన్నుతో ఆ గొడవ లేదు. తల వంచితే దారం నోటికే అందుతుంది. అలా ఒకే చోట కొరికి కొరికి గాడి పడుతుంది. కొత్తగా చేరిన పిల్లకి గాడి పడిందంటే ఇక ఉద్యోగం ఖాయమైనట్టేనని మిగతావాళ్లు ఆట పట్టిస్తారు.

కాలరక్క గాడి అందరికంటే లోతు. చొక్కాలకి కాలర్లు కుట్టడం ఆవిడ పని. అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పేరు గుర్తులేకపోయినా ఆవిడ నవ్వు తెలియనివాళ్లు లేరు. మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతుంటే పక్క మనిషి మాట వినపడదు గానీ, కాలరక్క నవ్వు ఆ చివర ఇస్త్రీ బల్లల దాకా వెళ్లేది. ఇక్కడ ఏం జరిగిందో తెలియకపోయినా అక్కడ ఇస్త్రీ చేసేవాళ్లు కూడా నవ్వేవాళ్లు. పక్క మిషను మీద జేబులు కుట్టే జేబులమ్మ పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ ఉండేదే ఆ నవ్వు కోసం.

దళసరి గుడ్డ ఆర్డరు వచ్చినప్పుడు జంట దారం కొరకబోతే గాడి దగ్గర పటుక్కుమంది. సగం పన్ను విరిగి ఒళ్లో పడింది. కాలరక్క దాన్ని తీసి చూసి, జేబులో వేసుకుని, చేతిలో ఉన్న కాలరు పూర్తి చేసింది.

ఆ రోజు నుంచి మాట్లాడితే చెయ్యి అడ్డం. బజార్లో, బస్సులో, ఇంట్లో కూడా. మిషను ముందు మాత్రం ఆ వీలు లేదు. దారం పక్క పంటితో తెంపుతున్నా, రెండు చేతులూ గుడ్డ మీదే ఉండాలి. అందుకని పనిలో ఉన్నంతసేపూ నవ్వడం మానేసింది. ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, ఊరికే మానేసింది.

“ఇంత మంచి జోకు వేస్తే మూతి బిగించుకు కూర్చుంటావేంటక్కా? నా మీద కోపమా?” అని జేబులమ్మ రెండు మూడుసార్లు అడిగింది.

“నీ జోకుల్లో పస తగ్గింది,” అంది కాలరక్క.

ఇంట్లో ఉండేది భార్యాభర్తలిద్దరే. ఆయన గోదాముకి రాత్రి కాపలా. ఆవిడ పని నుంచి వచ్చేసరికి ఆయన లేచి మొహం కడుక్కుని కూర్చుంటాడు. ఆయన డ్యూటీకి బయల్దేరే దాకా ఉన్న కాస్త వ్యవధే వాళ్ల కాపురం. వచ్చే దారిలో జామకాయలు కొనడం ఆవిడకి అలవాటు. ఇదివరకు మెట్లెక్కుతూనే కొరికేసేది. ఇప్పుడు తెచ్చి బల్ల మీద పెట్టి ఊరుకుంటోంది. ఆయన ఎందుకని అడగలేదు. కత్తి తీసుకుని సన్నటి ముక్కలుగా కోసి పళ్లెంలో పెట్టి ఆవిడ వైపు జరిపేవాడు. అడిగితే ఎక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబు చెబుతుందోనని.

కొన్నాళ్లకి ఆ మిగిలిన సగం పన్ను సలపడం మొదలుపెట్టింది. మంచినీళ్లు తాగినా ప్రాణం జివ్వుమనేది. ఇక చేసేదేముంది, పీకించేసుకోవడమే. ఫ్యాక్టరీలో అదే పద్ధతి. ఒకప్పుడు బీమా ఆసుపత్రిలో పళ్ల గది అంటే ఒక కుర్చీ, ఒక పటకారు, ఎప్పుడో ఒకసారి వచ్చే డాక్టరు. పీకడం తప్ప ఆయన చేతిలో ఏమీ లేదు. తర్వాత రూల్సు మారాయి, గది మారింది, సామాను వచ్చింది. ఆ కబురు మాత్రం ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాలేదు. పళ్ల నొప్పి వస్తే ఒక్క పూట సెలవు పెట్టి, వెళ్లి, “పీకేయండి” అనడమే అందరికీ తెలిసిన వైద్యం. కాలరక్క దవడ పళ్లలో కొన్ని అలాగే పోయాయి. వెనక పళ్లు గనక పోతే పోయాయి అనుకుంది. ఇది ముందుది. ఇది పోతే ఇక నవ్వు సంగతి మర్చిపోవడమేనని ఆవిడకి తెలుసు. తెలిసే వెళ్లి కుర్చీలో కూర్చుంది.

“పీకేయండమ్మా,” అంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే.

డాక్టరమ్మకి కాలరక్క కూతురయ్యేంత వయసే ఉంటుంది. “ముందు ఆ చెయ్యి తీస్తే పీకాలో వద్దో నేను చెబుతాను,” అంది. చూసింది, తట్టింది, ఎక్స్‌రే తీయించింది. “వేరు గట్టిగా ఉంది. లోపల నరం చెడింది, అంతే. అది శుభ్రం చేసి, విరిగినంత మేర మళ్లీ కట్టేస్తే చాన్నాళ్లు పనికొస్తుంది.”

“అవన్నీ డబ్బున్నవాళ్లకండీ. మాకు పీకుడు ఒక్కటే కదా ఉచితం.”

“ఎవరు చెప్పారు?”

“అందరూ.”

డాక్టరమ్మ చేతి తొడుగులు తీసి స్టూలు దగ్గరికి లాక్కుంది. “మీ ఫ్యాక్టరీ ఆయన ఒకాయన మొన్న బంగారంలాంటి దవడ పన్ను పీకమని నాతో పోట్లాట. మీకు జీతంలో బీమా కోత పడుతుంది కదా?”

“పడకేం, చేరిన నెల నుంచీ.”

“అందులో మీది కొంత, మీ యజమానిది కొంత. పీకడం ఆ డబ్బుతోనే, బాగుచెయ్యడమూ ఆ డబ్బుతోనే. ఎవరూ దానం చెయ్యట్లేదమ్మా మీకు.”

కాలరక్క ఇంకా కుదురుకోలేదు. “ముందు పన్నంటే ముస్తాబు కింద లెక్కేమో. నా వయసుకి అదెందుకు ఇస్తారు?”

“బంగారు తొడుగు వెయ్యమంటే ముస్తాబు. కొరకడానికీ మాట్లాడడానికీ కావలసింది ముస్తాబెలా అవుతుంది?”

“ఎన్నిసార్లు రావాలి?”

“నాలుగైదుసార్లు. వచ్చినప్పుడల్లా చీటీ ఇస్తాను. ఆ పూట జీతం బీమావాళ్లే ఇస్తారు.”

“పీకితే ఒక్కసారితో సరి కదా.”

“ఒక్కసారితోనే సరి. కాకపోతే మళ్లీ మొలవదు.” డాక్టరమ్మ లేచింది. “పన్ను మీది. ఇవాళ్టికి నొప్పి తగ్గడానికి మందిస్తాను. రేపొచ్చి పీకమంటే మాట్లాడకుండా పీకుతాను. ఇంట్లో ఒకసారి అడగండి.”

సాయంత్రం ఆయన జామకాయ కోస్తుంటే జరిగిందంతా చెప్పింది. నాలుగైదు పూటలంటే సూపర్‌వైజరు ఊరుకోడని, ఈ వయసులో పన్ను కట్టించుకుంటే లైనంతా నవ్వుతుందని, పీకించేసుకుంటే ఓ పనైపోతుందని కూడా చెప్పింది. ఆయన ముక్కలు కోయడం ఆపలేదు.

“ఏవండీ, మిమ్మల్నే అడుగుతున్నా.”

“వింటూనే ఉన్నా.” గోడ వైపు చూశాడు. “ఈ గడియారం కొని ఎన్నేళ్లయింది?”

“ఇప్పుడు గడియారం గొడవెందుకు?”

“ఇది టిక్కు టిక్కుమంటుందని నాకు ఈ మధ్యే తెలిసింది. ఇదివరకు నువ్వుండగా ఎప్పుడూ వినపడలేదు.” పళ్లెం ఆవిడ వైపు జరిపి, టార్చిలైటు, టోపీ తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు. “రేపు డ్యూటీ దిగి నేరుగా ఆసుపత్రికి వస్తా. బయట బెంచీ మీద కూర్చుంటాలే.”

అన్నట్టే వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఆ బెంచీ మీద కూర్చుని, గోడకి తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోయాడు. ఆయన్ని చూసి పేషెంటనుకుని నర్సు ఒకసారి లోపలికి రమ్మంది కూడా.

సూపర్‌వైజరు చీటీ చూసి మొహం చిట్లించాడు. “పన్ను పీకించుకోడానికి ఎన్నిసార్లు పోతావమ్మా?”

“పీకించుకోడానికి కాదండీ. ఉంచుకోడానికి.”

ఆఖరి రోజున డాక్టరమ్మ చేతికి అద్దం ఇచ్చింది. కాలరక్క ఎక్కువసేపు చూడలేదు. ఒకసారి చూసి అద్దం తిరిగిచ్చి, నాలుకతో తడుముకుంటూ కూర్చుంది. విరిగినచోట నిండుగా ఉంది. గాడి లేదు.

“ఇకమీదట దారం కొరకొద్దు,” అంది డాక్టరమ్మ. “కత్తెర ఉందిగా?”

“ఉందండీ. కొత్తది ఎలా ఉందో అలాగే ఉంది.”

బయట కౌంటరు దగ్గర ఆగి, నమ్మకం చాలక, ఎంత ఇవ్వాలని అడిగింది. అక్కడి గుమస్తా అమ్మాయి తలెత్తకుండానే, “కట్టేశారుగా నెలనెలా,” అంది.

మర్నాడు మిషను ముందు కూర్చుంది. మొదటి కాలరు పూర్తయింది. ఆలోచన లేకుండానే తల వంగింది, దారం పంటి కిందికి వెళ్లింది. కొరికింది. దారం నున్నగా జారిపోయింది. మళ్లీ అందుకుంది, మళ్లీ జారింది. ఇన్నేళ్లుగా దారం కూర్చోడానికి అలవాటుపడ్డ గాడి ఇప్పుడు లేదు మరి. అప్పటికి గుర్తొచ్చింది డాక్టరమ్మ మాట. దారం పెదవికి అంటుకుని ఉండగానే పక్కకి చూస్తే జేబులమ్మ మిషను ఆపి కళ్లప్పగించి చూస్తోంది.

“ఏంటక్కా, కొత్త పన్నుకి పని రాదా? ట్రైనింగు ఇప్పించకుండానే తెచ్చేశావా?”

కాలరక్క నవ్వింది. రెండు చేతులూ గుడ్డ మీదే ఉన్నాయి. ముందు కొద్దిగా, ఆ తర్వాత ఆపుకోలేక. ఆ చివర ఇస్త్రీ బల్లల దగ్గర ఎవరో తలెత్తి, ఏం జరిగిందో తెలియకుండానే నవ్వారు. సూపర్‌వైజరు అటోసారి చూసి తన దారిన పోయాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచేసరికి కాలరక్క చుట్టూ ఆడవాళ్లు మూగారు. నోరు తెరవమన్నారు, తిప్పి చూశారు, తట్టి చూస్తామన్నారు. నిజంగా డబ్బేమీ తీసుకోలేదా అని మళ్లీ మళ్లీ అడిగారు. జేబులమ్మ అందరూ వెళ్లాక దగ్గరికి జరిగి, దవడ మీద వేలు పెట్టి చూపించింది.

“వచ్చే వారం దీన్ని పీకించుకుందామనుకుంటున్నానక్కా.”

“నేనూ వస్తాను నీతో. అక్కడ నువ్వు నోరు తెరువు చాలు, పీకమని మాత్రం అనకు.”

“నోరు తెరిచి మాట్లాడకుండా ఉండాలంటే కష్టం,” అంది జేబులమ్మ.

ఆ సాయంత్రం ఆయన బల్ల మీద జామకాయ కొయ్యకుండా, కడిగి, అలాగే పెట్టి ఎదురుచూస్తూ కూర్చున్నాడు. కాలరక్క చెప్పులు విడిచి దాన్ని చూసింది, ఆయన్ని చూసింది.

“గట్టివి ముందు పళ్లతో కొరకొద్దందండీ డాక్టరమ్మ.”

ఆయన లేచి కత్తి తెచ్చుకుని మళ్లీ కూర్చున్నాడు. “అయితే నా ఉద్యోగం పోలేదన్నమాట,” అన్నాడు, మొదటి ముక్క కోస్తూ. ఆవిడ నవ్విన నవ్వుకి కింది వాటాలో ఎవరో కిటికీ తెరిచారు.