తుప్పుకి ఆయుధపూజ

తొంభైల చివర్లో నేను తుప్పు మీద పరిశోధన చేసేవాణ్ణి. విశాఖలో ఆ పని చెయ్యడమంటే చేపకి ఈత నేర్పడమే. తుప్పు తన పని తాను చేసుకుపోతుంది, మనం పక్కన నిలబడి తలూపాలంతే. మా గాలిలో ఉప్పెంతంటే, ఒడ్డున కాసేపు నోరు తెరుచుకుని నిలబడితే ఆ పూట పెరుగన్నంలోకి ఊరగాయ అక్కర్లేదు. కొత్త సైకిలు కొని బీచిరోడ్డు మీదుగా ఇంటికి తెచ్చేసరికి "సెకండ్‌హాండా?" అని అడిగేవారు.

పద్ధతి తేలికే. ఉక్కు రేకులు తూచి, చెక్క చట్రానికి బిగించి, కొన్ని సముద్రానికి దూరంగా సబ్బవరంలో ఒక డాబా మీద, కొన్ని రుషికొండ దగ్గర ఒడ్డున వేలాడదియ్యాలి. రెండేళ్ళ తర్వాత తుప్పంతా యాసిడ్‌తో కడిగి మళ్ళీ తూస్తే ఉక్కు ఎంత తరిగిందో తెలుస్తుంది. ఒడ్డు రేకులకి కాపలా, అక్కడే పాక వేసుకున్న చేపలవేట మనిషి. చుట్టరికం లేదుగానీ మొదటిరోజే ఒకరికొకరం బావలమైపోయాం.

మా గైడుగారు వేసవిలో రిటైరవుతారు. ఏదైనా సైన్సు పత్రిక నా పేపరు ఒప్పుకుంటేగాని థీసిస్ మీద సంతకం పెట్టనని ఆయన పట్టు. ఆయన వెళ్ళిపోతే నన్ను ఎరువుల ప్రొఫెసరుకి అప్పగిస్తారు. తుప్పు కడుక్కుని, ఎరువుతో మళ్ళీ మొదటినుంచి!

రెండేళ్ళూ నిండాయని దసరా మర్నాడు రేకులు తెచ్చుకుందామని వెళ్తే చట్రం పెళ్ళిపందిరిలా ఉంది. రేకులు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కోదానికీ పసుపు, కుంకంబొట్టు, బంతిపువ్వు.

"ఏంటి బావా ఇది?"

"ఆయుధపూజ కదేటి! ఇంజిను తోమినాను, లంగరు తోమినాను. నీ పనిముట్లు తుప్పట్టి ఏడుత్తంటే సూడలేకపోనాను. సింతపండూ ఇటికపొడీ ఎట్టి తోమీసినాను."

మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకే చూస్తున్నాడు. బంగాళాఖాతమంత ఏడుపు మింగి, "బాగుంది బావా" అన్నాను.

గైడుగారు కథంతా విన్నారు. ఆయన చర్చిలో పెద్ద. నవ్వు ఆపుకోవడం ప్రతి ఆదివారం సాధన చేసిన మనిషి.

"తుప్పు పోతే పోయిందోయ్, ఎలాగూ మనమే కడిగేవాళ్ళం. ఇటికపొడి మంచి ఉక్కుని కూడా ఎంత గీకేసిందో తెలీదు, అదే చిక్కు. జరిగింది జరిగినట్టు రాసి పంపు."

పంపాను. సంక్రాంతి దాటాక విదేశీ పత్రిక నుంచి జవాబొచ్చింది. పేరు చెప్పని రివ్యూయర్లు ఇద్దరు. ఒకాయన కామాలు దిద్ది ఊరుకున్నాడు. రెండో మహానుభావుడు మా పండగ మీద పురాణమే రాశాడు. సారాంశం ఇదీ: తుప్పు పట్టని కొత్త రేకుల్ని అదే మనిషి, అదే పద్ధతిలో తోమాలి. ఎంత అరిగిందో తూచి ఆ మేరకు సవరిస్తే మీ ఒడ్డు లెక్కలు నమ్ముతాను.

బావ ససేమిరా అన్నాడు. "దసరా కాకండా ఆయుధపూజేటి? నాను సెయ్యను."

దసరా దాకా ఆగితే నేను ఎరువులో ఉంటాను. గైడుగారే స్కూటరేసుకుని వచ్చారు. "పూజ వద్దయ్యా, తోమితే చాలు."

"ఉత్తినే తోమితే అంట్లు తోమినట్టుంటాది సార్. కొత్త సామాను పూజ ఏ రోజైనా సెయ్యొచ్చు, అది సేత్తాను. కొబ్బరికాయ మాత్రం పెద్దోరు మీరు కొట్టాల."

"కొట్టేది నువ్వు. ముక్క నేను తింటాను."

ఒప్పందం కుదిరింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ల్యాబుకొచ్చాడు. డిపార్టుమెంటంతా మూగింది. అంత చదువు ఒక్కసారి తనని చూస్తుంటే అతనికి పూనకమొచ్చింది. తోమాడు, తోమాడు, ఇంకాస్త తోమితే రేకులోంచి అవతలి గోడ కనిపించేది. తూచి, ఆ అరుగుదల ఒడ్డు లెక్కలోంచి తీసేసి చూస్తే సముద్రం ఏ పాపమూ ఎరగదనీ, రుషికొండ కన్నా సబ్బవరంలోనే ఉప్పుగాలి ఎక్కువనీ తేలింది.

"బావా, దసరానాడు కూడా ఇలాగే తోమావా?"

అతను నా చెవిలో, "ఆరోజా? పేకాటకి పిలుత్తన్నారు బావా. ఏదో ఇలాగిలాగ అనీసి ఎలిపోనాను" అన్నాడు.

చెవిలో అన్నా అది సముద్రం మీద కేకలేసే గొంతు. గైడుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అదే పద్ధతి అన్నాడు కదోయ్ ఆ రివ్యూయరు. అయితే పేకాట కూడా పద్ధతిలో భాగమే."

మర్నాడు మళ్ళీ కొత్త రేకులు, ఈసారి పాక ముందే. పదడుగుల్లో పాత పేకాట జట్టు చాప పరిచింది.

"ఒరే, వొత్తావా రావా? ముక్కలు పంచీసినాం!"

"ఉండండెహె, సైన్సు సేత్తన్నాను!" అని బావ రేకులన్నీ ఇలాగిలాగ రుద్ది, ఒక కన్ను చాప మీదే ఉంచి, బొట్లు పెట్టేసి పరిగెత్తాడు. తూస్తే ప్రతి రేకూ వెంట్రుకవాసే అరిగింది, అన్నీ ఇంచుమించు ఒకేలా. లెక్క సవరించాం. రుషికొండ గాలికి పోయిన పరువు తిరిగొచ్చింది.

వేసవిలో పత్రిక ఒప్పుకుంది. గైడుగారు మెడలో వీడ్కోలు దండతోనే నా థీసిస్ మీద సంతకం పెట్టారు. రివ్యూయరు పట్టుబట్టి పేపర్లో ఒక వాక్యం చేర్పించాడు: రేకులు తోమిన వ్యక్తి మొదటిసారి తొందరలో ఉన్నాడు, తర్వాత అదే తొందర తిరిగి కల్పించాం.

అది బావకి తెలుగులో చదివి వినిపించాను. అతను పాక వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

"తొందరెందుకో రాసీసినారేటి?"

"రాయలేదు బావా."

"బతికించినావ్. మీ అక్క ఆరోజు నాను గుడికెల్లినాననుకుంటంది."