వాలుగా పడిన గీత

ధర్మవరంలో గోవిందరాజులు చీరలు నేయడు. చీర మీదికి వచ్చే పూలను, నెమళ్లను గళ్ల కాగితం మీద గీస్తాడు. ఒక గడి అంటే ఒక పోగు. అతను ఎర్రసిరా నింపిన గడి దగ్గర అట్టకు చిల్లు పడుతుంది. ఆ అట్ట మగ్గమెక్కితే జరీ పైకి తేలుతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పని.

నేతలో తప్పు వచ్చినా అతన్నే పిలుస్తారు. అతను ముందు చీరను చూడడు, మగ్గం ఎటు నడుస్తుందో చూస్తాడు. పోగును పైకి లేపే కొక్కెం ఒకటి ఇరుక్కుంటే చీర పొడవునా సన్నని గీత పడుతుంది. పువ్వు ఎక్కడో ఒకచోట ఆగుతుంది. గీత ఆగదు.

1996 ఎండాకాలంలో అక్క కూతురు భవాని బెంగళూరు నుంచి వచ్చింది. దారిలో హిందూపురంలో దిగి తల్లిని చూసి, మరునాడు పెనుకొండ మీదుగా ధర్మవరం చేరింది. ఆమె నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. చేతిలో చుట్టిన పటం ఉంది.

"ఏంది మే, కొత్త డిజైనా?"

"మన పాలపుంతలో ఒక ముక్క మామా. కంటికి కనపడదు. చల్లటి దుమ్ము."

"కనపడనిదాన్ని యెట్ల గీస్తిరి?"

"చల్లగున్నా రవ్వంత వేడి వదుల్తాది. బెలూనుకు టెలిస్కోపు కట్టి గాలి పల్చబడేంత పైకి పంపితే, అది ఆ వేడిని పట్టుకుంటాది. దుమ్ము యాడ చిక్కబడితే ఆడ నక్షత్రాలు పుడతాయి."

పటం మధ్యలో ఏటవాలుగా ఒక మేఘం. సన్నగా, పొడుగ్గా ఉంది. ఇంతకుముందు ఎవరూ చూడనిది. సోమవారం దాన్ని గురువుగారి ముందు పెట్టాలి. మూడేళ్లలో ఆమెకు దొరికింది అదొక్కటే.

గోవిందరాజులు చాలాసేపు చూశాడు.

"ఆకాశానికి గూడా రిపేరుకు పిలుస్తాండారా మీ మామను?" అంది అతని భార్య నీలావతి. "రాండి, రొట్టె చల్లారిపోతాంది. ఆకాశం యాడికీ పోదులే."

తిన్నారు. అతను చేయి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు అడిగాడు.

"మీ యంత్రం ఎటు నడిచింది మే?"

"వరసలు వరసలుగా చూసుకుంటా పోతాది మామా. మేము తర్వాత ఉత్తరం పైకి వచ్చేట్ల పటాన్ని తిప్పినాము. దీంట్లో చూస్తే ఆ వరసలు, ఇట్ల..."

భవాని వేలు పటం మీద వాలుగా కదిలింది. సగంలో ఆగిపోయింది. అతను కొయ్య స్కేలు తెచ్చి ఆమె వేలు నడిచిన దారిన పెట్టాడు. మేఘం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా స్కేలు పక్కనే పోయింది.

"వేడిని పట్టే కండ్లు ఎన్ని దానికి?"

"పన్నెండు."

"మా కొక్కెం మాదిరి ఒకటి ఇరుక్కునిందేమో."

భవాని స్కేలు తీసి పక్కన పెట్టింది.

"నాకు ఇదొక్కటే ఉండాది మామా."

"తెలుసు మే."

"ఈ గీతను తుడిచేస్తే సరిపాయె."

"తుడవద్దు. కింద పువ్వుంటే అదీ పోతాది. ఆ కన్ను చెప్పింది పక్కనబెట్టు. మిగతావి చెప్పిందాంతోనే మళ్లీ గియ్యి."

ఆమె పటాన్ని చుట్టి, సాయంత్రం రైలుకే వెళ్లిపోయింది.

మూడు వారాలకు వీధి చివరి ఎస్టీడీ బూతుకు ఫోను వచ్చింది.

"గీత పోయింది మామా. అంతా పోయింది."

"ఏమన్నా మిగిలిందా?"

"ఒక చిన్న మచ్చ. దానికింద ఉన్నింది."

"అంచు తిన్నగా ఉండాదా?"

"లేదు. ఒకపక్క చెదిరిపోయి ఉండాది."

"మిగతా కండ్లకూ కనపడిందా?"

"మూడిటికి కనపడింది."

"అయితే ఉంచుకో," అన్నాడు గోవిందరాజులు.