బామ్ వాసన లేని ఉత్తరం

మా పెద్దమ్మను అందరూ వాపసమ్మ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. జైల్లో ఉత్తరాల గదిలో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా పనిచేసింది. ఖైదీలకు వచ్చే ప్రతి కవరూ తెరిచి చూసి, ఏ కాస్త తేడా ఉన్నా ముద్ర గుద్ది తిప్పి పంపేది. ఖైదీ నంబరు లేదా? వాపసు. పిన్ను కొట్టారా? వాపసు. రంగు పెన్సిళ్లా, మెరుపు స్టిక్కర్లా? వాపసు. మేం పుట్టినరోజు కార్డు ఇచ్చినా ముందు వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి చూసేది.

రిటైరై మా వీధికి వచ్చాక ఊరుకుంటే ఆవిడ మా పెద్దమ్మే కాదు. పోస్టాఫీసు పక్క జిరాక్సు షాపు ముందు కుర్చీ వేసుకుని, జైలుకు ఉత్తరం ఎలా రాయాలో అడిగినవాళ్లకల్లా చెప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ తిప్పి పంపినవన్నీ ఇప్పుడు లోపలికి చేర్చాలని కంకణం కట్టుకుంది. మనిషి మొహంలో కళ మాత్రం వచ్చింది.

ఒకరోజు ఒక ముసలావిడ మూడు కవర్లతో వచ్చింది. మూడూ జైల్లో ఉన్న కొడుక్కి రాసినవే, మూడూ తిరిగొచ్చినవే. వెళ్లి చూద్దామంటే రెండు బస్సులు మారాలి, మోకాళ్లు సహకరించవు.

"'నామీద కోపం పోలేదా అమ్మా' అని రాశాడు వాడు. జవాబు రాకపోతే ఇంక రాయనన్నాడు" అంది.

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుంది. తెల్ల కాగితం, నీలం సిరా, నంబరు, చిరునామా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కవరు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అక్కా, రాసిన ఉత్తరం ఎక్కడ పెడతావు?"

"ఒక రాత్రి దిండు కింద పెట్టుకుంటా. పొద్దున్నే డబ్బాలో వేస్తా. నా పక్కన పడుకుని వెళ్తే నేను వెళ్లినట్టే కదా."

"మోకాళ్లకి బామ్ రాస్తావా?"

"రోజూ."

"అదీ సంగతి. కాగితానికి జిడ్డు, ఘాటు వాసన ఉంటే ఏదో మత్తుమందు పూసి పంపారని అనుమానపడతారు." పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఇలాంటివి నేనే ఎన్ని తిప్పి పంపానో."

ఆ రోజు ముసలావిడ చేతులు ఒళ్లో పెట్టుకుని చెబుతుంటే పెద్దమ్మే రాసింది. సంతకానికి మాత్రం ఆవిడ చేత కుళాయి దగ్గర మూడుసార్లు సబ్బుతో చేతులు కడిగించింది. దిండు ముచ్చట లేకుండా కవరు నేరుగా డబ్బాలో పడింది.

మూడు వారాలకు ముసలావిడ మోకాళ్లు మర్చిపోయి గబగబా వచ్చింది. కొడుకు జవాబును పెద్దమ్మ పైకి చదివింది.

"అమ్మా, నీ ఉత్తరం అందింది. రాత ఎవరిదో గానీ సంతకం నీదే. తెరవగానే వాసన చూశాను. నీ బామ్ వాసన రాలేదు. నొప్పులు తగ్గాయా, లేక కొనిచ్చేవాళ్లు లేక మానేశావా?"

ముసలావిడ నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ తెల్ల కాగితం తీసి పెన్ను మూత విప్పింది.

"చెప్పక్కా."

"రోజూ రాసుకుంటూనే ఉన్నానని రాయమ్మా. కాగితానికే అంటనివ్వట్లేదని రాయి."