ఎడమ మలుపులో శబ్దం

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. పుంగనూరులో ఇరవై ఏళ్లుగా కార్లు రిపేరు చేస్తున్నాను. ప్రతి శబ్దానికీ ఏదో ఒక కారణం ఉంటుంది. బేరింగు అరిగి ఉంటుంది, లేదా నట్టు వదులై ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నాకు దొరకని శబ్దం ఒక్కటే.

మూడేళ్ల కిందటి మాట. మా పక్క పల్లెలో గంగులప్ప అని గొర్రెలు మేపే రైతు ఉండేవాడు. అరవై దాటాక పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుని, ఒక పాత కారు కొన్నాడు. కూతురు రెడ్డెమ్మను కుప్పంలో ఇచ్చారు. వారానికోసారి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని కూతురి దగ్గరికి పోయొచ్చేవాడు.

ఒకరోజు షెడ్డుకు వచ్చి, "అప్పా, ఎడం పక్కకి తిప్పితే సాలు, టక్కు టక్కుమంటాండాది. రవ్వంత సూడప్పా" అన్నాడు.

అలాంటి శబ్దం మాకు మామూలే. ముందు చక్రానికి ఇంజను బలాన్ని అందించే యాక్సిల్ అరిగితే, మలుపులో అలాగే కొట్టుకుంటుంది. నేనొక్కడినే బండి తీసుకుని ఊరి బయట మలుపులన్నీ తిరిగాను. ఏమీ వినిపించలేదు. అయినా మదనపల్లె నుంచి యాక్సిల్ తెప్పించి మార్చాను.

వారం తిరక్కుండానే మళ్లీ వచ్చాడు. ఈసారి చక్రాలు విప్పి బేరింగులు చూశాను, స్టీరింగు రాడ్లు చూశాను. అన్నీ గట్టిగా ఉన్నాయి. మళ్లీ ఒక్కడినే నడిపి చూశాను. శబ్దం లేదు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని మదనపల్లె రోడ్డు పట్టాను. పట్టపగలు, పదకొండు గంటల వేళ. అద్దాలు ఎత్తి ఉన్నాయి. ఎడమ మలుపు తీసుకోగానే వినిపించింది. టక్కు... టక్కు... టక్కు.

"ఇదేప్పా, ఇదే!" అన్నాడు గంగులప్ప. ఆయన ముఖం వెలిగిపోయింది.

నేను వేగం పెంచాను. యాక్సిల్ శబ్దమైతే చక్రంతోపాటే వేగం పెరగాలి. పెరగలేదు. బ్రేకు వేశాను, తగ్గలేదు. బండి ఎలా పోయినా అది తన తీరులో తాను కొట్టుకుంటూనే ఉంది. స్టీరింగు తిన్నగా కాగానే ఆగిపోయింది.

"నీకు వినబడిందా?" అని అడిగాడు. నేను బండిని షెడ్డు వైపు మళ్లించాను.

ఇక్కడే నేను తప్పు చేశాను. శబ్దం వినగానే జబ్బు చెప్పేస్తాడని ఊళ్లో నాకు పేరుంది. వినిపించింది కానీ ఏమిటో తెలియడం లేదు అని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. షెడ్డుకు చేరేసరికి నలుగురైదుగురు బండ్లు పెట్టుకుని నా కోసం కాచుకుని ఉన్నారు. వాళ్లందరి ముందూ అనేశాను.

"బండి బాగానే ఉండాది గంగులప్పన్నా. సౌండు నీ చెవులో ఉండాది. ముందు దాన్ని రిపేరు చేపించుకో పో."

అందరూ నవ్వారు. గంగులప్ప కూడా నవ్వబోయాడు కానీ, నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. "సరేప్పా" అని తాళం తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు నెలల తర్వాత ఆ కారు మళ్లీ షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది రెడ్డెమ్మ. పక్కన ఆమె తల్లి. గంగులప్ప చనిపోయి ఇరవై రోజులైంది. కుప్పంలో కూతురింట్లో కాఫీ తాగుతూ, ఎవరో పిలిస్తే ఎడమ పక్కకు తిరిగాడట. అలాగే ఒరిగిపోయాడట.

"మెడలో రక్తనాళం దెబ్బతినిందని డాక్టరు చెప్పినాడన్నా. చెవులో టక్కుటక్కుమని వినబడేదని ఎప్పుడైనా చెప్పినాడా అని అడిగినాడు. బండిలో సౌండని చెప్పినాడే గానీ, చెవులో అని మాకు చెప్పలేదు. మీ షెడ్డులో నలుగురూ నవ్వినారంట కదా, ఆపొద్దు నుంచీ సౌండు మాటే ఎత్తలేదు నాయన" అంది రెడ్డెమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే బాగుండేది.

పక్క సీట్లోంచి తల్లి మెల్లగా అంది. "నాకూ వినబడేది నాయనా, ఆయన నడిపేటప్పుడు. ఇప్పుడు లేదు."

ఆ సాయంత్రం కారు నేనే నడిపి చూశాను. ఎన్ని ఎడమ మలుపులు తిరిగానో లెక్కలేదు. బండి నిశ్శబ్దంగా తిరిగింది.

తర్వాత మదనపల్లెలో తెలిసిన డాక్టరును అడిగాను. అలాంటి శబ్దం ఆ మనిషికి వినిపించవచ్చు గానీ, కారులో పక్కన కూర్చున్నవాళ్లకు వినిపించదన్నాడు. మరి నేను విన్నది ఏమిటి? ఆమె విన్నది ఏమిటి? ఎడమకు తిరిగినప్పుడే ఎందుకు?

కానీ ఆ రోజు "నాకూ వినబడిందన్నా, బండిలో మాత్రం ఏమీ లేదు" అని ఉంటే, ఆయన ఇంకెవరికైనా చూపించుకునేవాడేమో. రెడ్డెమ్మ ఇప్పటికీ సర్వీసుకు నా దగ్గరికే వస్తుంది. ఆ శబ్దం నేనూ విన్నానని ప్రతిసారీ చెప్పాలనే అనుకుంటాను. బండి తుడిచి, తాళం మాత్రం ఆమె చేతికిస్తాను.