కిల్‌బ్రే చర్చిలో పాట అందించిన శేషుకుమారి

ఆస్ట్రేలియాలోని కిల్‌బ్రేలో ఎటు చూసినా గోధుమ చేలే. ఎంత నడిచినా ఊరు దాటినట్టుండదు, ఆకాశమే కాస్త జరిగినట్టుంటుంది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయన్న భయం శేషుకుమారి భర్త రాజారావుకు అక్కడి ధాన్యం సొసైటీలో కాంట్రాక్టు పని ఇచ్చింది. ఆదివారాలూ అతను ఆఫీసులోనే. ఆమెకు కారు నడపడం రాదు. నడిచి వెళ్ళి నలుగురిని చూడగలిగే చోటు ఒక్కటే, వీధి చివరి ప్రెస్బిటేరియన్ చర్చి.

గొర్రెలు పెంచుకోవడానికి స్కాట్లాండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న రాతి చర్చి అది. చుట్టుపక్కల చర్చిలు వేరే శాఖలతో కలిసిపోయిన కాలంలో ఇది కలవనంది. ఇప్పుడు దాని బెంచీల మీద మనుషులకన్నా ఎండ ఎక్కువ కూర్చుంటుంది. ఆర్గన్ వాయించే ఆవిడ డార్విన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక పాట ఆగింది. పాట లేని చర్చి ఎందుకు, మూసేసి పక్క టౌనుకు వెళ్దామన్నారు కొందరు. ఆరాధన అయ్యాక చేతులెత్తి తేల్చుకోవాల్సిన ఆదివారం వచ్చింది. పక్క టౌను చాలా దూరం. చర్చి మూస్తే శేషుకుమారికి వారమంతా ఒకే రోజు.

“ఎవరైనా పాట మొదలుపెడతారా?” అన్నాడు పాస్టరు.

శేషుకుమారి కొంగు తల మీదికి లాక్కుని లేచింది. తనకు తెలిసిన ఇంగ్లిషు కీర్తన మొదటి పంక్తి పాడి, ఆగింది. ఒంగోలులో వాళ్ళ సంఘంలో అంతే. ఒకరు పంక్తి అందిస్తే, అందరూ తిరిగి పాడతారు.

ఇక్కడ ఎవరూ పాడలేదు. ఆమె మరిచిపోయిందనుకుని జాలిగా చూశారు.

అప్పుడు వెనక బెంచీ నుంచి, అందరికన్నా పెద్దవాడు అలెక్, బీటలువారిన గొంతుతో ఆ పంక్తినే తిరిగి పాడాడు.

“ఆగావేంటమ్మా, రెండోది అందించు.”

అందించింది. ఈసారి ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. చివరి పంక్తికి రాతిగోడలు కూడా తమ వంతు కలిపాయి.

“ఆర్గన్ రాకముందు మా తాత అక్కడే నిలబడి ఇలాగే పాట అందించేవాడు. అది వచ్చాక ఆయన్ని కూర్చోబెట్టేశారు. ఆ కోపంతో చచ్చేదాకా దానికి వీపు పెట్టే కూర్చున్నాడు” అన్నాడు అలెక్.

“నీ గొంతు విన్నాక, ఆర్గన్ ఎందుకు తెచ్చారో అర్థమైంది” అంది అతని భార్య జీన్. చర్చి అంతా నవ్వింది.

ఆ నవ్వు మీదే చేతులెత్తమన్నాడు పాస్టరు. మూసేద్దామని ఒక్క చెయ్యీ లేవలేదు.

సాయంత్రం రాజారావు గుమ్మంలోనే అందుకున్నాడు. “ఏందే, దొరలకు పాట నేర్పావంట? మా మేనేజర్ ఫోన్ చేసి మరీ చెప్పాడు.”

“నేనేం నేర్పలేదండీ. వాళ్ళ పాటే అది, మరిచిపోయారంతే.”

“బాగానే ఉంది. మన కాంట్రాక్ట్ అయిపోతే ఏం చేస్తారంట?”

“అప్పటికి జీన్ ఆంటీ నేర్చుకుంటుందిలెండి. బుధవారం టీకి రమ్మన్నా” అంటూ శేషుకుమారి వచ్చే ఆదివారానికి కీర్తన వెతకసాగింది.