బురుల్చా నేర్చిన విద్య

బిష్కెక్ ఊరి అంచున ఉన్న ఆ కుట్టు కార్ఖానాలో బట్టల గది తాళాలు పదకొండేళ్లు బురుల్చా నడుముకే వేలాడాయి. వచ్చిన ప్రతి తానునూ కొలిచి, అంచున సుద్దముక్కతో నంబరు వేసి లోపల పెట్టేది. కిందటి వసంతంలో తానులు మాయం కావడం మొదలైంది. ఒకటి, రెండు, చివరికి ఏడు. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉండగా యజమాని ఎసెన్‌బెక్ వచ్చి నిలబడ్డాడు.

“తాళాలిలా ఇవ్వు. రేపట్నించి రాకు.”

“నేను తీశానంటారా?”

“నేననటం లేదు. తాళాలెవరి దగ్గరుంటాయో అందరికీ తెలుసు.”

మూడో మిషను మీద కుట్టే జూరా గిన్నెలోంచి తలెత్తి, “ఎజే దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరున్నాయి మరి?” అంది. మిగతా ఆడవాళ్లు తలలు వంచుకుని తింటూ పోయారు. ఎజే అంటే అక్క; అలా అక్కా అక్కా అంటూ వెనకే తిరిగిన నోటినుంచే ఆ మాట వచ్చింది. యజమాని మాట కంటే అదే బురుల్చాను ఎక్కువ కోసింది.

భర్త పోయాక ఆమెకు పెద్ద దిక్కు సొంత అన్న షర్షెన్. “యాభై మూడేళ్లొచ్చాయి. గమ్మునుండు. నాలుగు రోజులు పోతే ఎవరికీ గుర్తుండదు,” అన్నాడాయన.

“ఎందుకుండదన్నయ్యా? పొద్దున రొట్టెలావిడ నన్ను చూసి తన సంచీ దగ్గరికి లాక్కుంది. నేను గమ్మునుంటే ఆ సంచీ జీవితాంతం అక్కడే ఉంటుంది.”

మినీబస్సు అద్దానికి అంటించిన కాగితం ఆమె కంట పడింది ఆ వారమే. ప్రైవేటు డిటెక్టివ్ శిక్షణ, నాలుగు నెలలు, వయసుతో పని లేదు. వెళ్లింది. పద్దెనిమిది మంది మగవాళ్లున్నారు. సగం మంది కాపలా ఉద్యోగాలు చేసినవాళ్లే. నేర్పే కుబాత్ రిటైరైన పోలీసు దర్యాప్తు అధికారి. ఆమెను చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

“దారి తప్పొచ్చావా తల్లీ? కుట్లూ అల్లికలూ పై అంతస్తులో.”

“కుట్లు నాకొచ్చు అగాయ్. ఇదొక్కటే రాదు. నేర్పండి,” అంది, గురువును పిలిచే ఆ పిలుపుతోనే.

గది గొల్లుమంది. ఆమె ముందు వరుసలో కూర్చుంది.

రెండో వారంలో వెంబడించడం నేర్పాడు. బజారులో తననే వెంబడించమని, ఎవరు తన కంట పడితే వాళ్లు ఓడినట్టని చెప్పాడు. నల్ల జాకెట్ల మొనగాళ్లందరూ అరగంటలో దొరికిపోయారు. బురుల్చా తలగుడ్డ కట్టుకుని, ఉల్లిపాయల సంచీ మోస్తూ, ప్రతి కొట్టు దగ్గరా ధరల మీద గొణుగుతూ రెండు గంటలు ఆయన వెనకే తిరిగింది. తిరిగొచ్చాక, ఆయన ఎక్కడ సమోసా తిన్నదీ, ఎవరితో ఎంతసేపు మాట్లాడిందీ వరసగా అప్పజెప్పింది.

“చివర్లో ఒక ముసలాడితో మాట్లాడి దొంగచూపులు చూశారు,” అని ముగించింది.

“అక్కడాగు,” అన్నాడు కుబాత్. “చూపు దొంగదని నీకెవరు చెప్పారు? ఎటు చూశానో చెప్పు. నువ్వేమనుకున్నావో నాకక్కర్లేదు.”

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తనమీద పడిన నింద కూడా సరిగ్గా అలాంటిదే కదా. ఆ రోజునుంచి నోటుబుక్కులో చూసింది, విన్నది తప్ప ఇంకేమీ రాయలేదు. తాళం వేసిన తలుపు ముట్టుకోకూడదని, ఇతరుల ఫోను వినకూడదని, సాక్ష్యంగా ఏదైనా వస్తువు కావాలంటే దాన్ని కొని రసీదు తీసుకోవాలని నేర్చుకుంది. ప్రశ్న అడిగాక నోరు మూసుకోవడం మాత్రం ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది.

శిక్షణ పూర్తయ్యాక మొదట వెంటాడింది జూరానే. దొంగ జూరానే కావాలని ఆమె మనసంతా కోరుకుంది. తొమ్మిది రోజులు వెంబడించింది. జూరా కార్ఖానా నుంచి నేరుగా ఒక అపార్టుమెంటుకు వెళ్లి ఐదంతస్తుల మెట్లు కడుగుతుంది, రొట్టె కొనుక్కుని ఇంటికి పోతుంది. అంతే. తొమ్మిదో రోజు బురుల్చా పళ్లు కొరుక్కుంటూ నోటుబుక్కులో రాసింది: ‘ఏమీ లేదు.’

తర్వాత కార్ఖానా ఎదుటి బస్‌స్టాపు బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు నములుతూ కూర్చుంది. గురువారం మధ్యాహ్నం బట్ట ముక్కల మూటలు వ్యానులోకి ఎక్కాయి. పరుపుల్లో కూరే ముక్కలవి. కూలివాడు ఒక్కో మూటనూ ఒంటిచేత్తో విసిరేశాడు. చివరి రెండింటికి మాత్రం మరో మనిషి చెయ్యి వేశాడు. ఆ మనిషి నుర్దిన్. బట్ట కత్తిరించే మేస్త్రీ, యజమాని భార్యకు తమ్ముడు. బట్ట కావలసినప్పుడల్లా ఆమె తాళం తీస్తే, తానులు తన బల్ల దగ్గరికి తీసుకుపోయేవాడు అతనే; ఎన్ని మోసుకెళ్లాడో ఆమె ఎప్పుడూ తిరిగి లెక్కపెట్టలేదు.

పై వారం ఆమె టాక్సీ మాట్లాడుకుని వ్యాను వెంట వెళ్లింది. ఆ బరువు మూటలు దిగింది పరుపుల వాడి దగ్గర కాదు, పక్క పేటలో ఒక చిన్న బట్టల కొట్టు ముందు. కర్టెన్లకని బేరమాడుతూ లోపలికి వెళ్లింది. మాయమైన ఏడింటిలో ఒకటైన దానిమ్మ పూల నీలం తాను అల్మరాలో ఉంది. దాని అంచున తన చేతి సుద్ద నంబరు చెక్కుచెదరకుండా ఉంది.

“ఆ చివరి నుంచే రెండు మీటర్లు కొయ్యండి. రసీదివ్వండి,” అంది.

మూడో గురువారం కూడా అదే జరిగింది. మర్నాడు భోజనాల వేళ ఆమె కార్ఖానాలోకి నడిచింది. ఎసెన్‌బెక్ ఎదురొచ్చాడు.

“ఇదేంటి? గదిలోకి రా, టీ తాగుతూ మాట్లాడుకుందాం.”

“నన్ను దొంగను చేసింది ఇక్కడ. ఇక్కడే వినండి.”

నిలబడే చదివింది. తేదీలు, వేళలు, వ్యాను నంబరు, ఎన్ని మూటలు, ఎవరు చెయ్యి వేశారు. చివర నీలం గుడ్డను బల్లమీద పరిచి పక్కన రసీదు పెట్టింది.

నుర్దిన్ నవ్వాడు. “ఈ ముసల్దాని పిచ్చి చూశావా బావా!”

“తానుల చిట్టా తెప్పించండి బైకే,” అంది బురుల్చా యజమానితో, పెద్దవాళ్లను పిలిచే మర్యాదతోనే. “ఈ నంబరు మాయమైన ఏడింటిలో ఉందో లేదో అందులోనే తేలుతుంది.”

చిట్టా తెచ్చేలోపు జూరా లేచింది. “తాళాల సంగతి గట్టిగా అనమని నాతో చెప్పింది నుర్దినే. అన్లేదనమనండి చూద్దాం!” నుర్దిన్ నవ్వు ఆగిపోయింది.

“ఇంకొకటుంది,” అంది బురుల్చా. “జూరా, తొమ్మిది రోజులు నీ వెనక తిరిగాను. నువ్వే అనుకున్నా. క్షమించు.”

“నా వెనకా! మెట్లు కడుగుతుంటే చూస్తూ నిలబడ్డావా ఎజే? ఒక్క బకెట్టయినా అందివ్వాలనిపించలేదా?”

హాలంతా నవ్వింది. బురుల్చా కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

నుర్దిన్ ఆ సాయంత్రమే పని మానేశాడు. బావమరిది కాబట్టి ఎసెన్‌బెక్ పోలీసుల దాకా వెళ్లలేదు. బురుల్చాకు తాళాలు తిరిగి ఇవ్వబోయాడు; ఆమె చెయ్యి చాచలేదు. కుబాత్ ఆఫీసులో ఒక బల్ల వేయించుకుని తప్పిపోయినవాళ్లను వెతికే పనిలో దిగింది. షర్షెన్ ఇప్పటికీ దాన్ని ఉద్యోగం అనడు.

శరదృతువులో ఎసెన్‌బెక్ భార్య ఒక గొర్రెను, పిండి బస్తాను తీసుకుని బురుల్చా గుమ్మంలోకి వచ్చింది. మనసులో ఏమీ పెట్టుకోవద్దంది.

“టీ తాగి, గొర్రెను తోలుకెళ్లమ్మా,” అంది బురుల్చా. “ఈ వీధిలో పదకొండిళ్లలో నన్ను దొంగన్నారు. మీ ఆయన ఒక్కో గుమ్మం ఎక్కి, తప్పు తనదని చెప్పి రావాలి. అప్పుడు కోద్దాం గొర్రెని, అందరం కలిసే తిందాం.”

ఎసెన్‌బెక్ ఇప్పటికి మూడు గుమ్మాలెక్కాడు. ఎనిమిది మిగిలాయి.